జాలీకి ఇవతల

మా ఆయన బస్సు కింద దూరాడంటే ఇక భోజనం బెల్లు కూడా వినిపించదని డిపోలో అందరూ ఎగతాళి చేసేవారు. బ్రేకుల పని ఆయనది. సాయంత్రం బండ్లు డిపోకు చేరాక ఒక్కోదాని కింద వెల్లకిలా పడుకుని, పైపులూ జాయింట్లూ చేత్తో తడిమి చూసి, అంతా బాగుంటే ముందు బంపర్ మీద సుద్దముక్కతో గుర్తు పెట్టాలి. ఒక్కో మెకానిక్‌ది ఒక్కో గుర్తు. మా ఆయనది సిలువ. పొద్దున డ్యూటీకి వచ్చిన డ్రైవర్లు ఆ సిలువ కనిపిస్తే చాలు, మారుమాట లేకుండా సీటెక్కేవారు.

డెబ్భైల మొదటి రోజుల మాట ఇది. సంతోష్‌నగర్‌లో ఒక కాంపౌండులో కిరాయికి ఉండేవాళ్ళం. నాలుగైదు పోర్షన్లు, అందరికీ కలిపి ఒకటే నల్లా. ఆ మహాతల్లి రోజు విడిచి రోజు, తెల్లవారుజామున కాసేపు వచ్చి పోయేది. మా ఎదురు పోర్షన్‌లో అదే డిపో డ్రైవరొకాయన, ఆయన భార్య ఉండేవారు. ఆయన మా ఆయనకంటే పెద్దవాడు. ఈయన అన్నా అనేవాడు, ఆయనా ఆయన భార్యా తమ్మీ అనేవారు. ఆమెను నేను అక్కా అనేదాన్ని. వాళ్ళ బోనాలకు మాకు భోజనం అక్కడే, మా పాస్క పండుగకు, అదే ఈస్టర్‌కు, బిర్యానీ పళ్ళెం ముందు వాళ్ళింటికే.

మేము కతోలికులం. పాస్కకు ముందు నలభై రోజుల తపస్సుకాలంలో శుక్రవారం సాయంత్రాలు గుడిలో సిలువమార్గం జరుగుతుంది. గోడల మీది యేసు సిలువపాట్ల పటాల ముందు ఒక్కోచోట ఆగి, మోకరించి, ప్రార్థన చెప్పుకుంటూ ముందుకు కదులుతారు. అందరికంటే ముందు కొయ్యసిలువ పట్టుకుని నడిచేది మా ఆయనే. ఆ గౌరవమంటే ఆయనకు ప్రాణం. ఇంట్లో గ్లాసు తీసి పక్కన పెట్టని మనిషి, ఆ సిలువను మాత్రం ముందురోజే నూనెరాసి తుడిచి పెట్టేవాడు. నేను దెప్పితే నవ్వేవాడు.

ఆ శుక్రవారం బండ్లు ఆలస్యంగా వచ్చాయి. అన్నీ చూశాక ఒక్క బండి మిగిలింది. గుడికి వేళయిపోతోంది. మొన్ననే రిపేరైన బండి కదా, దీనికేమవుతుందిలే అనుకున్నాడట. కిందికి దూరకుండానే బంపర్ మీద సిలువ గీసి, గుడిలో సిలువ మోయడానికి సైకిలెక్కి పరుగెత్తాడు.

మర్నాడు పొద్దున ఆ బండి మా డ్రైవరన్నకు పడింది. బహదూర్‌పురా దాటాక బ్రేకు అందలేదు. ఎదురుగా రిక్షాలు, బడికి పోయే పిల్లలు. ఆయన స్టీరింగు తిప్పి బండిని ఒక పాత ప్రహరీకి గుద్దేశాడు. ఎవరి ప్రాణమూ పోలేదు. ఆయన మాత్రం కుడిచెయ్యి రెండుచోట్ల విరిగి, సోయి లేకుండా దవాఖానాలో పడ్డాడు.

అంతటితో పోతే బాగుండేది. బండి ముందుభాగం నుజ్జునుజ్జయింది. బ్రేకు పైపు ముందే తెగిందో, గోడకు తగిలాక తెగిందో చెప్పగలిగేవాళ్ళు లేరు. డ్రైవరన్నకు సాయంత్రాలు కల్లు కాంపౌండుకు పోయే అలవాటుంది. పొద్దున్నే తాగి నడిపాడన్నారు. డిపో మేనేజర్ సాబ్ మా ఆయనను పిలిచి, "బ్రేకులు చూసినవా?" అని అడిగాడు. "చూసిన సాబ్" అన్నాడు ఈయన. ఆ ఒక్క మాటతో డ్రైవరన్నను సస్పెండ్ చేశారు. పాస్క పండుగ ముందురోజు, శనివారం ఆఖరి విచారణ అన్నారు. అందులో ఆయన తప్పు లేదని తేలకపోతే ఉద్యోగం ఊడినట్టే.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నాకు తెలిసిందల్లా మా ఆయన అన్నం సగంలో లేచిపోవడం, ఎదురింటి తలుపు తెరుచుకుంటే లోపలికి తప్పుకోవడం. స్నేహితుడికి దెబ్బ తగిలిందన్న బాధేమో అనుకుని, నేను పిచ్చిదాన్ని, ఆయనకిష్టమని ఎండుచేపల పులుసు కూడా పెట్టాను.

పండుగకు వారం ముందు వచ్చే మట్టల ఆదివారానికి ముందురోజు, శనివారం, చేసిన పాపాలు ఫాదర్‌కు చెప్పుకునే పాపసంకీర్తనకు ఇద్దరం వెళ్ళాం. ఫాదర్ కూర్చునే కొయ్య పెట్టెకు ఒక పక్క మగవాళ్ళు, ఒక పక్క ఆడవాళ్ళు వరుసలో నిలబడతాం. మధ్యలో జాలీ. జాలీకి అవతల ఫాదర్ చెవి, ఇవతల మన నోరు. ఎవరెంతసేపున్నారో వరుసలో ఉన్న ప్రతివాళ్ళూ కనిపెడుతూనే ఉంటారు, కళ్ళు మూసుకుని జపమాల తిప్పుతున్నట్టు నటిస్తూ. మా ఆయన ఎప్పుడూ ఇట్లా వెళ్ళి అట్లా వచ్చేవాడు. ఆ రోజు లోపలే ఉండిపోయాడు. నా వెనకావిడ దగ్గింది. ఎట్టకేలకు బయటికొచ్చి, ప్రాయశ్చిత్తం ప్రార్థనలు చెప్పుకోవడానికి మోకరించకుండా, నా వైపు చూడకుండా, తిన్నగా వాకిలి దాటి వెళ్ళిపోయాడు. ఇక నేను మాత్రం అక్కడేం నిలబడతాను, వరుస వదిలి వెనకే వెళ్ళాను.

మర్నాడు పూజలో సత్ప్రసాదానికి అందరూ లేచారు. ఆయన లేవలేదు. మట్ట చేతిలో పట్టుకుని బెంచీ మీద అట్లాగే కూర్చున్నాడు. పాపవిమోచనం దొరకనివాళ్ళే సత్ప్రసాదానికి లేవరు; సిలువ మోసే మనిషే తీసుకోకపోతే ఇక గుడిలో చూపులెట్లా ఉంటాయో చెప్పాలా? నాకు తల తీసేసినట్టయింది.

ఇంటికి రాగానే పట్టుకున్నాను.

"ఏమైంది? ఫాదర్ ఏమన్నడు?"

"గుళ్ళె చెప్పుకున్నది నీకెందుకు?"

"నలుగుట్ల నా ముఖం కింద పెట్టినవ్. నాకు గాక ఇంకెవ్వలకు చెప్తవ్?"

చాలాసేపు సతాయించాక చెప్పాడు. సుద్దముక్క సంగతీ, సాబ్ ముందు చెప్పిన అబద్ధమూ. జాలీ అవతలినుంచి ఫాదర్ ఒకటే అడిగాడట: నీ మాట వల్ల ఇంకొకరి అన్నం పోతోంది, ఆ మాట వెనక్కి తీసుకుంటావా? ఈయన తీసుకుంటాననలేకపోయాడు. పాపవిమోచనం ఇప్పుడివ్వలేను, ఆ మాట అనగలిగిన రోజున రా, నేనిక్కడే ఉంటానని ఫాదర్ పంపేశాడు.

నాకు ముందు కలిగింది పశ్చాత్తాపం కాదు, భయం. ముగ్గురు పిల్లలు. బడిలో పంతులమ్మగా నాకొచ్చే జీతం పప్పుకు కూడా చాలదు. "నోరు మూస్కొని ఉండు. దేవునికి తెల్సు గద, సాబ్‌కు తెలిస్తేనే మాఫ్ చేస్తడా దేవుడు?" అన్నాను. ఆయనను ఏమీ అనలేక నాకు ఫాదర్ మీద పట్టరాని కోపం వచ్చింది. గుంటూరు వైపునుంచి వచ్చి కూర్చున్నాడు, డిపో సంగతి ఆయనకేం తెలుసు, కొలువు పోతే మా బియ్యం ఆయనే పోస్తాడా అని గిన్నెలు ఎత్తి కొట్టాను.

బుధవారం బడి విడవగానే గుడికి వెళ్ళాను. సిలువ గుర్తు వేసుకుని, జాలీ దగ్గర మోకరించి, వచ్చిన పని తిన్నగా చెప్పాను.

"ఫాదర్, నేను మా ఆయన పాపం చెప్పనీకి వచ్చిన. ఆయనతోని అయితలేదు. ప్రాయశ్చిత్తం ఎంతుంటే అంత నేను చేస్త. ఆ విమోచనమేదో నాకియ్యుండ్రి, నేను తీస్కపోయి ఆయనకిస్త."

జాలీ అవతల ఫాదర్ కుర్చీ జరిగింది.

"అమ్మా, ఇది టిఫిన్ డబ్బాలో పెట్టుకుపోయేది కాదు. ఇక్కడ ఎవరు ఏం చెప్పారో నేను నీతో మాట్లాడను. నీ పాపాలు చెప్పు."

నేను నా మామూలు జాబితా విప్పాను. పిల్లల్ని కొట్టాను, ఆడబిడ్డను తిట్టుకున్నాను, పూజలో నిద్రపోయాను.

"ఇవేనా?"

మోకాళ్ళు నొప్పెడుతున్నాయి. లేచి పోదామనుకున్నాను. ఎదురింటి అక్క ఆ మధ్య నల్లా దగ్గర కన్నీళ్ళు పెట్టుకుంటే 'దేవుడున్నడు అక్కా' అని నేను ఓదార్చిన మాట గుర్తొచ్చింది. అప్పుడు నాకేమీ తెలియదు. ఇప్పుడు తెలిసి కూడా, నిన్న పొద్దున మళ్ళీ అదే మాట అన్నాను.

"నోరు మూస్కోమని ఆయనకు నేనే చెప్పిన ఫాదర్" అన్నాను.

"మరి ఇప్పుడేం చెబుతావు?"

"నాకు తెల్వది."

"తెలిశాక రా అమ్మా."

అంతే. ఆయనకు ఇవ్వలేదు, నాకూ ఇవ్వలేదు. దారి పొడుగునా తిట్టుకుంటూ నడిచాను. ఇంటికొచ్చి పిల్లలకు అన్నం పెట్టి, నేను తినకుండా పడుకున్నాను.

గురువారం తెల్లవారుజామున నల్లా వచ్చింది. అక్క నా పక్కనే బిందె పెట్టింది. ఇంతకుముందు నీళ్ళు మోసేది డ్రైవరన్నే. ఇప్పుడు ఆయన చెయ్యి కట్టులో ఉంది కాబట్టి ఆమే మోసుకునేది. కళ్ళ కింద నల్లబడి ఉంది.

"ఎల్లుండే ఆఖరు పేషీ" అంది. "పుస్తె మీద ఒట్టు చెల్లే, ఆ దినం ఆయన తాగలే. డిపోల ఒక్కడు నమ్ముతలేడు. నువ్వన్న నమ్ముతవా?"

బిందె నిండి నీళ్ళు పొర్లిపోతున్నాయి. నేను నల్లా కట్టెయ్యడం మరిచిపోయాను.

"నమ్ముత అక్కా" అన్నాను. అబద్ధం కాదు. ఆ ఇంటి బయట ఆ మాట నిజమని తెలిసినవాళ్ళం మా ఆయనా, నేనూ మాత్రమే. ఆమె నా భుజం పట్టుకుని, "నీ కడుపు సల్లగుండ" అంది. ఆ దీవెన నాకు నిప్పులాగా తగిలింది. లోపలికి వెళ్ళి మా ఆయనను నిద్రలేపాను.

"పోయి చెప్పు. కొలువు ఉంటే ఉంటది, పోతే పోతది. నేనింక ఆ నల్లా కాడ నిలవడ."

ఆయన దుప్పటి తీసి నా ముఖం చూశాడు. ఆయనక్కూడా భయంగానే ఉందని అప్పుడు స్పష్టంగా కనిపించింది. మొగుడికి ధైర్యం చెప్పాల్సిన చోట నేను ఏడుస్తూ కూర్చున్నాను.

శుభశుక్రవారం గుడి నుంచి వచ్చాక, ఉపవాసం ముఖంతోనే, ఆయన ఎదురింటికి నడిచాడు. ఆ రోజు సిలువ మోయనని ముందే ఇంకొకరికి అప్పగించాడు. నేను వెనకాల నిలబడ్డాను. డ్రైవరన్న గడప మీద కూర్చుని ఉన్నాడు. అక్క లోపల చాటలో బియ్యం ఏరుతోంది.

"అన్నా, ఆ దినం నేను బండి కిందికి పోలే. చూడకుండనే గుర్తు పెట్టిన. గుడికి టైమైతుందని ఉరికిన. సాబ్ అడిగితే చూసిన అన్న. తప్పైంది, నన్ను మాఫ్ చెయ్యి."

లోపల చాట చప్పుడు ఆగిపోయింది. మా ఆయన వంగబోతే డ్రైవరన్న బాగున్న చేత్తో ఆపాడు.

"కాళ్ళు పట్టకు. రేపు సాబ్ ముంగట గిదే మాట చెప్తవా?"

"చెప్త."

"అయితే రేపు చెప్పు. గిప్పుడు నాకు చెప్తే ఏమొస్తది."

లేచి లోపలికి వెళ్ళాడు. తలుపు వేసింది అక్క. గట్టిగా కూడా వేయలేదు, మెల్లగా వేసి గొళ్ళెం పెట్టింది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

శనివారం పొద్దున ఇద్దరు మగవాళ్ళూ వేరువేరుగా డిపోకు బయల్దేరారు. ఆ పూట నేను ఏం వండానో, పిల్లలు ఏం తిన్నారో నాకు తెలియదు. గేటు కిర్రుమన్నప్పుడల్లా వాకిట్లోకి పరుగెత్తేదాన్ని. మనసులో, ఆఖరి నిమిషంలో ఈయన మాట మార్చితే బాగుండునని ఒకసారి, మార్చితే అక్క ముఖం ఎట్లా చూడాలి అని ఒకసారి. మధ్యాహ్నం దాటాక వచ్చాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది.

"చెప్పిన" అన్నాడు.

"ఏమన్నరు?"

"అన్న మీద కేసు కొట్టేసిండ్రు. చెయ్యి మంచిగైనంక డ్యూటీకి రమ్మన్నరు. నన్ను బండ్లు కడుగుమన్నరు. ఇంక బ్రేకుల జోలికి పోవద్దన్నరు."

ఉద్యోగం పోలేదు. గుండె కుదుటపడేలోపే ఏడుపొచ్చింది. బ్రేకుల మీద చెయ్యి వేస్తే పైపులో గాలి ఎక్కడుందో చెప్పే మనిషి, నిన్నటిదాకా హెల్పర్లుగా ఉన్న పోరగాళ్ళ ముందు బకెట్టు పట్టుకోవాలి. ఆయన మాత్రం స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, "గుడికి పోదాం, నడువు" అన్నాడు.

ఆ సాయంత్రం వరుస చాలా పొడుగ్గా ఉంది. ఆయన లోపలికి వెళ్ళాడు. ఇట్టే బయటికొచ్చి, ముందు బెంచీ దగ్గర మోకరించి, తల రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. తర్వాత నా వంతు. తెలిసింది ఫాదర్ అన్నాను. మిగతాది రాయను.

పండుగ రోజు పూజలో ఇద్దరం సత్ప్రసాదం తీసుకున్నాం. ఇంటికొచ్చాక అసలు చిక్కొచ్చింది. బిర్యానీ పళ్ళెం ఎదురింటికి పంపాలా, వద్దా? వద్దన్నాను నేను. విసిరికొడుతుందన్నాను. ఆయన వినలేదు. పళ్ళెం మీద గుడ్డ కప్పి, తనే పట్టుకెళ్ళాడు. అక్క గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"మీ దేవుడు మాఫ్ చేసిండా?" అంది.

"చేసిండు వదినా."

"గంత జల్దినా?"

మా ఆయన పళ్ళెం మీది గుడ్డ సర్దాడు.

"దవాఖానల ఆయన సోయి లేకుండ పడుంటే, అందరు తాగిండు తాగిండు అంటుంటే, నా మొగని నోటికాడికి వంగి వాసన చూసిన. నీ సిలువ తప్పు కాదు, నా మొగడే తప్పనుకున్న. ఇన్నేండ్ల కాపురంల గట్ల ఎన్నడు చెయ్యలే. గది నాకెవరు మాఫ్ చెయ్యాలె? మీ ఫాదర్ చేస్తడా?"

పళ్ళెం అట్లాగే వెనక్కి వచ్చింది. దాన్ని మేమూ ముట్టుకోలేకపోయాం.

మళ్ళీ నల్లా వచ్చిన పొద్దున, మా ఆయన నాకంటే ముందు లేచాడు. వాళ్ళ గుమ్మం పక్కనున్న ఖాళీ బిందె తీసుకుని, నింపి, మోసుకెళ్ళి అక్కడే పెట్టాడు. ఆ రోజుల్లో మగవాడు తన ఇంటికి నీళ్ళు మోస్తేనే నవ్వేవారు. పరాయి ఇంటికి మోస్తే ఇక చెప్పేదేముంది. కాంపౌండంతా వేపపుల్లలు నోట్లో పెట్టుకుని చూసింది. అక్క బయటికొచ్చి, బిందె ఎత్తి, ఆయన చూస్తుండగానే ఆ నీళ్ళన్నీ మోరీలో పారబోసింది.

పాత బస్తీలో నల్లా నీళ్ళు మోరీలో పోయడం. కొంగు బిగించి లేచాను. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు రాకు."

"ఇది ఫాదర్ ఇచ్చిన ప్రాయశ్చిత్తమా? గిట్ల బజార్ల పరువు తీస్కొమ్మన్నడా?"

"ఫాదర్ మూడు పరలోక జపాలు చెప్పమన్నడు. అవి ఆ దినమే అయిపోయినయ్."

ఆ తర్వాత నల్లా వచ్చిన ప్రతిసారీ ఇదే తంతు. ఆయన నింపడం, ఆమె పారబోసి, తన నీళ్ళు తనే మోసుకోవడం. డ్రైవరన్న లోపలినుంచి చూసేవాడు కానీ నోరు విప్పేవాడు కాదు. డిపోలో పగలంతా బండ్లు కడిగి, ఇక్కడ పొద్దున్నే ఈ అవమానం. ఒకరోజు నేనూ ఆగలేక అనేశాను, దేవుడి క్షమాపణ దొరికింది చాలదా, వీళ్ళ కాళ్ళ దగ్గర ఇంకా ఎన్నాళ్ళు అని. "దేవునికి చెయ్యి ఇరగలే గద" అన్నాడు. నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఎండలు ముదిరాయి. డ్రైవరన్న చేతి కట్టు విప్పిన రోజు మధ్యాహ్నం అక్క మా గుమ్మంలోకి వచ్చింది. పండుగ తర్వాత అదే మొదటిసారి. లోపలికి రమ్మంటే రాలేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"ఆయనకు చెప్పిన" అంది.

"ఏంది అక్కా?"

"దవాఖానల వాసన చూసిన సంగతి. ఇన్నొద్దులు కడుపుల పెట్టుకున్న. ఆయనకు తెల్వది గద, సోయి లేకుండె. పొద్దుగాల కట్టు ఇప్పిచ్చుకొని వస్తుంటె తొవ్వల చెప్పిన. ఇంక నాతోని కాలే."

"ఏమన్నడు?"

"ఏమంటడు. కొంచెంసేపు నడిసిండు. అటెన్క, నీ జాగల నేనుంటే నేను గూడ చూస్తుంటి అన్నడు. గంతే." ఆమె కళ్ళు తుడుచుకుంది. "నేను తిడ్తడనుకున్న చెల్లే. తిట్టలే."

కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు తెల్లవారుజామున నల్లా వచ్చింది. మా ఆయన ఎప్పటిలాగే వాళ్ళ బిందె నింపి, మోసుకెళ్ళి గుమ్మం పక్కన దించబోయాడు. నేను కిటికీ చువ్వలు పట్టుకుని చూస్తున్నాను. అక్క తలుపు తీసింది. బిందె వైపు చూసింది, ఆయన వైపు చూసింది. పక్కకు జరిగి దారి ఇచ్చింది.

"ఆడ పెట్టకు. లోపట గోలెంల పొయ్యి."

ఆయన చెప్పులు విడిచి గడప దాటాడు. నీళ్ళు తొణికి నేల మీద పడ్డాయి. లోపలినుంచి అక్క గొంతు మా ఇంటిదాకా వినిపించింది.

"ఒలకబొయ్యకు తమ్మీ. నీళ్ళు ఊకె వస్తున్నయా?"